క్లౌడ్ చాంబర్: బెంగళూరు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు చూపించాలంటే ఎలా కట్టాలి?

నల్లబల్ల:

నమస్కారం. బెంగళూరులో ఒక హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెబుతాను. ఎలక్ట్రాన్, ఆల్ఫా కణం అంటూ బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేసినా పిల్లల ప్రశ్న ఒకటే: "ఇవి ఉన్నాయని ఎవరు చూశారు మేడమ్?" వాళ్ల కళ్లకే చూపించాలని డిఫ్యూజన్ క్లౌడ్ చాంబర్, అంటే కణం పోయిన దారి చినుకుల గీతలా కనిపించే పెట్టె, కట్టాలనుకుంటున్నాను.

30×20×20 సెం.మీ. గాజు అక్వేరియం తొట్టె, 3 మి.మీ. అల్యూమినియం షీటు ఉన్నాయి. క్లాసుకు 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు. మొత్తం ఖర్చు ఐదారు వేలలో తేలాలి.

నా సందేహాలు ఇవి. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఎంత తెప్పించాలి, తరగతి గదిలో వాడితే ప్రమాదం ఉందా? మెడికల్ షాపు స్పిరిట్ సరిపోతుందా? డ్రై ఐస్ గొడవ లేకుండా పెల్టియర్ మాడ్యూళ్లతో (కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడి రెండోది వేడెక్కే పలకలు) పని జరుగుతుందా? రేడియోధార్మిక పదార్థం ఏదీ పెట్టకుండా గీతలు కనిపిస్తాయా? కనిపించిన గీత ఫలానా కణానిదని పిల్లలకు ఎంతవరకు చెప్పొచ్చు?

చలిపలక:

మేడమ్, మీ తొట్టె, షీటు రెండూ పనికొస్తాయి. సామాను గురించి చెప్పేముందు లోపల జరిగేది రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందికీ మూలం అక్కడే ఉంటుంది.

తొట్టె పైభాగంలో ఆల్కహాల్‌తో తడిపిన ఫెల్ట్ గది వేడిలో ఉంటుంది, అక్కడ ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి మెల్లగా దిగుతుంది. అడుగున పలక మైనస్ 30 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే, పలక మీద సుమారు ఒక సెంటీమీటరు మందాన ఒక పొర తయారవుతుంది. ఆ పొరలో గాలి మోయగలిగినదానికన్నా ఎక్కువ ఆవిరి ఉంటుంది. చినుకుగా మారడానికి దానికి ఒక ఆసరా కావాలి. విద్యుదావేశం ఉన్న కణం అటుగా దూసుకుపోతే దారి పొడవునా అయాన్లు (ఆవేశం వచ్చిన అణువులు) మిగులుతాయి, వాటి చుట్టూ ఆవిరి చేరి చినుకులు కడుతుంది. చాంబర్ కట్టడమంటే ఆ ఒక్క సెంటీమీటరు పొరను కదలకుండా కాపాడటమే.

ఆల్కహాల్ 99 శాతం లేదా అంతకన్నా శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలే వాడండి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట ఐపీఏ అంటే ఇస్తారు, అర లీటరు సీసా చాలా క్లాసులకు వస్తుంది. మెడికల్ షాపు స్పిరిట్, శానిటైజర్ పనికిరావు. వాటిలో 30 శాతం దాకా నీళ్లుంటాయి. ఆ నీరు పలక మీద తెల్లటి మంచుగా గడ్డకట్టి నల్లటి నేపథ్యాన్ని పాడుచేస్తుంది, ఆల్కహాల్ ఆవిరి కూడా తగ్గిపోతుంది. ఐసోప్రొపైల్ మాత్రం మైనస్ 89 దాకా గడ్డకట్టదు, డ్రై ఐస్ చలిలోనూ పలక మీద ద్రవంగానే ఉంటుంది. సీసా మీద నమ్మకం లేకపోతే గాజు గొట్టంలో కొంచెం పోసి వంటింటి ఉప్పు వేసి కుదపండి. నీళ్లు బాగా కలిసినదైతే కాసేపటికి రెండు పొరలుగా విడిపోతుంది. శుద్ధమైనదైతే ఉప్పు కరగకుండా అడుగున కూర్చుంటుంది. కెమిస్ట్రీ ల్యాబులో మైలుతుత్తం ఉంటే ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు: వేడిచేసి తెల్లగా మార్చిన పొడిని చిటికెడు వేస్తే, నీళ్లున్న స్పిరిట్‌లో అది మళ్లీ నీలంగా మారుతుంది. పిల్లలతో చేయించదగ్గ పరీక్ష.

తొట్టెను బోర్లించి వాడతాం. అంటే దాని అడుగే ఇప్పుడు పైకప్పు. ఫెల్ట్‌ను 3 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కత్తిరించి ఆ పైకప్పు లోపలి అంచు చుట్టూ పెట్టాలి. జిగురుతో అంటించొద్దు. చాలా జిగుర్లను ఐసోప్రొపైల్ మెత్తబరుస్తుంది, పట్టీ జారి పలక మీద పడుతుంది. గాజుకు లోపల ఒకటి, బయట ఒకటి చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెట్టి పట్టించండి. ఫెల్ట్‌కు 25 నుంచి 30 మి.లీ. చాలు. చుక్కలు కారేంత పోస్తే ఆ చుక్కలు పొరను చెదరగొడతాయి.

అల్యూమినియం షీటు తొట్టెకన్నా అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు పెద్దది, అంటే 34×24 సెం.మీ. ఉండాలి. ఎక్కడా వంపు ఉండకూడదు. మధ్యలో ఉబ్బితే ఆ భాగం డ్రై ఐస్‌కు తగలదు. ఇక నలుపు. స్ప్రే పెయింటు ఆల్కహాల్ తగిలి జిగటగా ఊడి వస్తుంది. షీటుకు నల్ల అనోడైజింగ్ చేయించగలిగితే అన్నిటికన్నా మంచిది, లేకపోతే నల్ల ఎలక్ట్రికల్ టేపును సందు లేకుండా పక్కపక్కనే బుడగలు రాకుండా అంటించండి. నల్ల చార్టు వద్దు, అది పలకకూ పొరకూ మధ్య చలిని అడ్డుకుంటుంది. మూసేముందు పలక మీద అయిదారు మి.లీ. ఐపీఏ పలచగా పరిస్తే నల్లటి అద్దంలా మెరుస్తుంది, గీతలు దాని మీద చక్కగా తేలి కనిపిస్తాయి. అందుకే పలక సమతలంగా ఉండాలి, లేకపోతే ఆల్కహాల్ అంతా ఒక మూలకు చేరుతుంది. ఫోన్లో లెవెల్ యాప్ పెట్టి సరిచూసుకోండి.

డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా వాయువవుతుంది. 30×20 సెం.మీ. మేర మూడు నాలుగు సెంటీమీటర్ల మందం కావాలి. గుళికలైతే రెండు కిలోలు, దిమ్మైతే మూడు. దారిలో పోయేది కలుపుకుని నాలుగైదు కిలోలు చెప్పండి. పీణ్య లాంటి పారిశ్రామికవాడల్లో గ్యాసులు అమ్మేవాళ్లను, ఐస్‌క్రీమ్ సరఫరాదారులను, చలిలో మందులు పంపే కొరియర్ వాళ్లను అడగండి. అదే రోజు ఉదయం తెచ్చుకోవాలి. ముందు రోజు తెచ్చి ఫ్రీజర్‌లో పెడదామనుకుంటే కుదరదు, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఉంటుంది. గుళికలు థర్మోకోల్ ట్రేలో సమంగా పరిచి, పలక పెట్టి చేత్తో (చేతికి గ్లవుజు ఉండాలి) గట్టిగా నొక్కి కూర్చోబెట్టండి. డ్రై ఐస్‌లో ఆల్కహాల్ పోసి ముద్దచేస్తే చలి బాగా అందుతుందని కొందరు చెబుతారు. నిజమే, కానీ అది మండే ముద్ద. పిల్లల గదిలో వద్దు.

వెలుతురు పక్కనుంచి, పలకకు సమాంతరంగా, పలక పైన రెండు సెంటీమీటర్ల లోపే పడాలి. తెల్ల ఎల్ఈడీ టార్చి ముందు నల్ల అట్టలో సన్నటి చీలిక చేసి పెట్టండి. చూసేవాళ్లు టార్చి ఉన్న వైపు నిలబడితే గీతలు మసకగా కనిపిస్తాయి. దానికి ఎదురువైపు నుంచి, కాంతి నేరుగా కంట్లో పడకుండా కాస్త పక్కగా, పైనుంచి వాలుగా చూస్తే అవే గీతలు ఎన్నో రెట్లు కాంతివంతంగా ఉంటాయి. చిన్న చినుకులు కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి.

మూసిన తర్వాత మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత అడుగున సన్నటి తుంపర. పది పదిహేను నిమిషాలకు గీతలు మొదలవుతాయి. తుంపర వచ్చిందంటే ఆవిరి, చలి రెండూ సరిపోయినట్టే. అప్పటినుంచి మూత కదపకూడదు.

ఊపిరి_లెక్క:

కార్బన్ డయాక్సైడ్ గురించి అంకెలు చూసుకుంటే భయపడాల్సింది ఎక్కడో తెలుస్తుంది. ఒక కిలో డ్రై ఐస్ గది ఉష్ణోగ్రతలో సుమారు 540 లీటర్ల వాయువవుతుంది. 8×6×3 మీటర్ల తరగతి గది అంటే 144 ఘనపు మీటర్లు. మూడు కిలోలూ ఒక్కసారే ఆవిరైనా గదిలో ఒక శాతం చిల్లర. పీరియడ్‌లో నిజంగా పోయేది అందులో కొంతే, కిటికీలు తెరిచి ఉంటే ఇబ్బంది లేదు. పనిచేసే చోట రోజంతా ఉండటానికి పెట్టుకున్న పరిమితి అర శాతం కాబట్టి గదిని చీకటి చేయడానికి కిటికీలన్నీ బిగించొద్దు. తెరలు వేయండి, గాలి ఆడనివ్వండి.

అసలు ప్రమాదం కారులో. లోపలి చోటు మూడు ఘనపు మీటర్లు ఉంటుంది. సిల్క్ బోర్డ్ దగ్గర గంట ఇరుక్కుని, ఏసీ లోపలి గాలినే తిప్పుతూ ఉండగా 200 గ్రాములు ఆవిరైతే మూడున్నర శాతం దాటుతుంది. తలనొప్పి, ఆయాసం అక్కడే మొదలవుతాయి. అద్దాలు దించి తీసుకురండి. ఈ వాయువు గాలికన్నా బరువు, నేల మట్టాన చేరుతుంది, అందుకని సెల్లార్ స్టోర్‌రూములో ఉంచొద్దు. బిగుతు మూత ఉన్న ఫ్లాస్కులో, స్క్రూ డబ్బాలో పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు, ఒత్తిడికి పగులుతుంది. పలచటి నైట్రైల్ గ్లవుజులు చలిని ఆపవు, తోలువి గానీ మందపాటి నూలువి గానీ వాడండి. దిమ్మను గుడ్డ సంచిలో పెట్టి సుత్తితో కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ఐసోప్రొపైల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. అంటే మన గది వేడిలో ఎప్పుడైనా. దగ్గర్లో స్పిరిట్ దీపం, అగ్గిపుల్ల, స్పార్కు వచ్చే పాత స్విచ్చు ఏవీ ఉండకూడదు. గీతలు శుభ్రంగా రావడానికి వేల వోల్టుల క్షేత్రం పెట్టే పద్ధతి ఉంది, అది పాత అయాన్లను తుడిచేస్తుంది. స్కూల్లో దాని జోలికి పోవద్దు.

సోల్డర్_పొగ:

పెల్టియర్ సంగతి నేను చెబుతాను. పని జరుగుతుంది, కానీ మీ 30×20 తొట్టెకు కాదు. ఒక్కో మాడ్యూల్ 4×4 సెం.మీ. మాత్రమే. దాని మీద 8 సెం.మీ. వెడల్పు గాజు బీకరు బోర్లించిన చిన్న చాంబర్ వస్తుంది. కెమెరాతో చూపించడానికి, డ్రై ఐస్ కోసం తిరగకుండా వారం వారం నడపడానికి అది బాగుంటుంది.

ఒక్క టీఈసీ1-12706 రకం మాడ్యూల్ మీద ఆశ పెట్టుకోవద్దు. దాని రెండు ముఖాల మధ్య తేడా 65 డిగ్రీల పైమాటని పత్రంలో రాసి ఉంటుంది, అది ఏ వేడినీ మోయనప్పటి మాట. రెండు పేర్చాలి. కింది దానికి 12 వోల్టులు, పై దానికి 5 వోల్టులు. పై దానికి తక్కువ ఎందుకంటే, అది లాగిన వేడితో పాటు అది తిన్న కరెంటు కూడా వేడిగా మారి కింది దాని నెత్తిన పడుతుంది. రెండిటికీ 12 ఇస్తే కింది మాడ్యూల్ మోయలేదు, పై పలక చల్లబడటానికి బదులు వెచ్చబడుతుంది. చాలామంది పడే గుంట ఇదే. వీలైతే కింద ఎక్కువ వేడి మోసే 12710 రకం పెట్టండి.

పాత కంప్యూటర్ పవర్ సప్లై సరిగ్గా సరిపోతుంది: పసుపు తీగ 12, ఎరుపు 5, నలుపు నెగెటివ్. ఆకుపచ్చ తీగను నలుపుకు కలిపితే ఆన్ అవుతుంది. ఇవన్నీ ఎస్పీ రోడ్‌లో ఒకే పూటలో దొరుకుతాయి. అడుగున చేరే వేడి 70, 80 వాట్లు ఉంటుంది. మంచి టవర్ కూలర్ తట్టుకుంటుంది. కంప్యూటర్ వాటర్ బ్లాకుకు చిన్న అక్వేరియం పంపు తగిలించి బకెట్టులో ఐసు నీళ్లు తిప్పితే ఇంకా నమ్మకం, ఎందుకంటే కింద ఎన్ని డిగ్రీలు తగ్గిస్తే పైన దాదాపు అన్నీ కలిసొస్తాయి.

ఏ ముఖం చల్లబడుతుందో రెండు పెన్సిల్ సెల్లులతో రెండు సెకన్లు ముట్టించి చేత్తో తాకి చూసుకోండి. హీట్‌సింక్ లేకుండా 12 వోల్టులు ఇస్తే క్షణాల్లో లోపలి టంకం కరిగి మాడ్యూల్ పోతుంది. థర్మల్ పేస్టు పలచగా ఉండాలి, మందమైతే అదే అడ్డుగోడ. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించండి, ఒక మూల ముందే బిగిస్తే పింగాణీ పలక చిట్లుతుంది. మాడ్యూళ్ల అంచుల చుట్టూ సిలికోన్ సీలెంట్ పూయకపోతే తేమ లోపలికి పోయి కొన్నాళ్లకు తుప్పుపడుతుంది.

బీకరు మూసేముందే మల్టీమీటర్ కె-టైప్ ప్రోబుతో పై పలకను కొలవండి. మైనస్ 30 చూపించాలి. మైనస్ 20 దగ్గరే ఆగితే తుంపర రావచ్చు, గీతలు రావు. పేస్టు, బిగింపు, నీళ్ల చలి, ఈ వరసలో వెతకండి.

నల్లబల్ల:

చాలా థాంక్స్. డ్రై ఐస్‌తోనే ట్రయల్ వేశాం. 12 నిమిషాలకు తుంపర వచ్చింది. గీతలు మాత్రం వెనక రెండు మూలల్లోనే కనిపించాయి, మధ్యలో లేవు. ఎడమ అంచు వెంట తెల్లటి మంచు పట్టింది, అటునుంచి తుంపర వాగులా కొట్టుకొస్తోంది. ఇరవై నిమిషాల తర్వాత అంతా ఆగిపోయింది. అంచులు పిల్లలు బొమ్మలు చేసే మైనం బంకతో మూశాం.

చలిపలక:

మీరు చెప్పిన మూడు లక్షణాలకూ కారణాలు వేర్వేరు.

ఎడమ అంచు మంచు ఆల్కహాల్‌ది కాదు, బయటి గాలిలోని తేమ. అక్కడ సందు ఉంది, దాంట్లోంచి వచ్చే గాలే ఆ వాగు. చలికి బంక బిగుసుకుని పలకనుంచి విడిపోతుంది. బంకను పలక చల్లబడకముందే, గది వేడిలో, తొట్టె అంచుకు వేలి మందాన పెట్టి నొక్కేయాలి. అలా మూసిన పలకా తొట్టే కలిపి ఎత్తి డ్రై ఐస్ మీద పెట్టండి. ఇద్దరు పట్టుకోవాలి. కిటికీ, తలుపు సందులకు అంటించే మెత్తటి నురుగు టేపు దొరికితే బంకకన్నా మేలు. జూన్ నుంచి వానల కాలంలో ఈ మంచు బెడద ఇంకా ఎక్కువ.

మూలల్లోనే గీతలు రావడం అంటే మధ్యభాగం డ్రై ఐస్‌కు ఆనడం లేదు. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి పలక కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. వంపు ఉంటే 5 మి.మీ. షీటుకు మారడమే మంచిది.

ఇరవై నిమిషాలకు ఆగిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. కింద గుళికలు తరిగి పలకకూ వాటికీ మధ్య ఖాళీ వస్తుంది. పది నిమిషాలకోసారి నాలుగు మూలలా మెల్లగా కిందికి నొక్కాలి. రెండోది, తొట్టె అంతా చల్లబడి పైన ఫెల్ట్ కూడా చల్లబడుతుంది, ఆవిరి పుట్టడం తగ్గుతుంది. పైకప్పు మీద 40 డిగ్రీల నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టండి. పైన వెచ్చగా కింద చల్లగా ఉంటే లోపలి గాలి కూడా నిలకడగా ఉంటుంది. హీటర్ మాత్రం వద్దు.

ఇవన్నీ సరిచేసినా గీతలు మసకగా ఉంటే పట్టుగుడ్డతో పైగాజును రుద్ది చూడండి. ఆ స్థిరవిద్యుత్తు కాసేపు పాత అయాన్లను లాగేస్తుంది.

దారిగీత:

మీ చివరి ప్రశ్న దగ్గరే అసలు చదువు ఉంది మేడమ్. సన్నటి గీత కనిపించగానే "అదిగో మ్యూఆన్" అనడం అలవాటైపోయింది. (మ్యూఆన్ అంటే అంతరిక్షంనుంచి వచ్చే కిరణాలు పై గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే, ఎలక్ట్రాన్‌లాంటిదే కానీ బరువైన కణం.) దయచేసి అలా చెప్పకండి. గీత చెప్పేది కొంత, మనం ఊహించేది కొంత. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

లావుగా, తిన్నగా, పొట్టిగా ఉన్నది ఆల్ఫా. ఇందులో అనుమానం లేదు. 5.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) ఆల్ఫా నాలుగు సెంటీమీటర్లలో లక్షన్నర అయాన్ జంటలు చేసి ఆగిపోతుంది. వేగంగా పోయే మ్యూఆన్ సెంటీమీటరుకు వంద జంటలు కూడా చేయదు. అందుకే ఆ లావు. రేడియోధార్మిక పదార్థం పెట్టకపోయినా అప్పుడప్పుడు ఆల్ఫా వస్తుంది, గాలిలోని రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు వల్ల. బెంగళూరు కింద ఉన్నదంతా నైస్, గ్రానైట్ రాయే, లాల్‌బాగ్ గుట్ట అదే. అందులో కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి, రాడాన్ వాటినుంచే పుడుతుంది. పొడవు కొలిచే పిల్లలకు ఒక మంచి చిక్కు ఇవ్వండి: మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పదోవంతు పలచన, కాబట్టి ఆల్ఫా ఎక్కువ దూరం పోవాలి. కానీ చాంబర్ పొరలో గాలి చల్లన, ఐదోవంతు దట్టం. ఏది గెలుస్తుంది? రెండూ కలిపితే గీత పుస్తకంలోని పొడవుకన్నా కొంచెం తక్కువే రావాలి. ఏటవాలుగా పొర దాటిపోయిన ఆల్ఫా గీత మరీ పొట్టిగా కనిపిస్తుంది, అలాంటివి కొలతలోంచి తీసేయాలి.

సన్నగా, మెలికలు తిరుగుతూ పోయేది తక్కువ శక్తి ఎలక్ట్రాన్. గాలి అణువులకు తగిలినప్పుడల్లా దారి మారుతుంది. గోడల్లోంచి వచ్చే గామా కిరణాలు తన్నేసిన ఎలక్ట్రాన్లు కూడా ఇలాగే ఉంటాయి.

సన్నగా, తిన్నగా, చాంబర్ ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా పోయినది మ్యూఆన్ కావచ్చు, ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ కావచ్చు. గీతను చూసి విడదీయలేం. "మ్యూఆన్ అయ్యే అవకాశం ఎక్కువ" అనడమే సరి.

లెక్కపెట్టించేటప్పుడు ఇంకో జాగ్రత్త. భూమట్టాన ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నిమిషానికి సుమారు ఒక మ్యూఆన్ పడుతుందని చదువుతాం. మీ పలక 600 చదరపు సెంటీమీటర్లు, అంటే నిమిషానికి 600 గీతలు రావాలి కదా అని పిల్లలు అడుగుతారు. రావు. ఎక్కువ మ్యూఆన్లు నిటారుగా దిగుతాయి, మన పొర మందం ఒక్క సెంటీమీటరే. అవి చుక్కలా మెరిసి మాయమవుతాయి, కంటికి ఆనవు. మనకు పొడవుగా కనిపించేవి బాగా వాలుగా వచ్చినవి, అవి తక్కువ. పైగా పొర ఒకచోట చురుగ్గా, ఒకచోట మందంగా ఉంటుంది. ఈ లెక్క ఎందుకు కుదరదో పిల్లలే చెప్పగలిగితే పరికరం వాళ్లకు అర్థమైనట్టు.

అయస్కాంతం గురించి కూడా తప్పక అడుగుతారు. పలక పక్కన 0.05 టెస్లా క్షేత్రం తేగలిగారనుకుందాం. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు ఎలక్ట్రాన్ 9.5 సెం.మీ. వ్యాసార్ధంతో వంగుతుంది, అది కనిపిస్తుంది. 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూఆన్‌కు ఆ వ్యాసార్ధం 260 మీటర్ల పైమాట, మన కంటికి సరళరేఖే. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్‌ను) పట్టుకోవడానికి 1.5 టెస్లా వాడాడు. మధ్యలో 6 మి.మీ. సీసం పలక పెట్టి, దాటాక ఎక్కువ వంగిన వైపే వేగం తగ్గినట్టు, కాబట్టి కణం ఫలానా వైపునుంచి వచ్చినట్టు తేల్చాడు. ఆ ఫొటో చూపించి దిక్కు ఎలా తెలిసిందో పిల్లలనే అడగండి.

మన పక్కనే కోలార్ బంగారు గనులున్నాయి కదా. 1965లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున అక్కడ వాతావరణ న్యూట్రినోలను (గాలిలో పుట్టి, దేనికీ దాదాపు తగలకుండా రాయిలోంచి కూడా దూసుకుపోయే కణాలను) పట్టుకున్నారు, ప్రపంచంలో ఆ పని మొదట చేసిన ప్రయోగాల్లో అదొకటి. అంత లోతుకు ఎందుకు దిగారంటే, మీ తొట్టెలో కనిపించే ఈ మ్యూఆన్ల రద్దీని రాయితో వడగట్టడానికి.

ఆల్ఫాలు ఎక్కువ కావాలంటే బెలూన్ చాలు. ఊది, ఉన్నిగుడ్డతో బాగా రుద్ది, మూసి ఉన్న కింది అంతస్తు గదిలో ముప్పావుగంట వేలాడదీయండి. రాడాన్ విచ్ఛిన్నమైతే పుట్టే పిల్ల కేంద్రకాలు దానికి అతుక్కుంటాయి. గాలి తీసి చిన్న ముక్క కత్తిరించి, పలకకు అర సెంటీమీటరు ఎత్తులో చిన్న తీగ స్టాండు మీద పెట్టి చాంబర్ మూయండి. ఇక్కడ వచ్చేవి ఎక్కువగా పొలోనియం-214 ఆల్ఫాలు, 7.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, గాలిలో ఏడు సెంటీమీటర్ల దాకా పోతాయి. అరగంట, ముప్పావుగంటకు సగమవుతాయి కాబట్టి క్లాసుకు సరిగ్గా ముందు దించండి. పావుగంటకోసారి గీతలు లెక్కపెడితే తరుగుదల గ్రాఫు కూడా వస్తుంది.

టిగ్ వెల్డింగ్ కడ్డీల్లో ఎర్ర మొన ఉన్నదానిలో రెండు శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. అరగదీస్తే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెలూన్ ఉండగా పిల్లల చేతికి అది అక్కర్లేదు. పొగ డిటెక్టర్ విప్పి అమెరీషియం తీయడం, కేరళ తీరపు మోనజైట్ ఇసుక తేవడం అసలే వద్దు.

నల్లబల్ల:

"కావచ్చు" అని చెప్పడమే సరైనదని విన్నాక ధైర్యం వచ్చింది. ఇక మిగిలింది 40 మందికి 40 నిమిషాల్లో చూపించడం. వరసగా రెండు సెక్షన్లకు ఒకే చాంబర్ నడుస్తుందా? అయ్యాక మిగిలినవి ఏం చేయాలి?

చలిపలక:

బెల్లుకు 20 నిమిషాల ముందే మూసి చల్లబరచడం మొదలుపెట్టండి. ఫోన్‌ను స్టాండుకు బిగించి, పలక మీద ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి కేబుల్‌తో ప్రొజెక్టర్‌కు కలపండి. లాక్ చేయకపోతే గీత మెరిసిన ప్రతిసారీ ఫోన్ సర్దుకోబోయి బొమ్మ మసకబారుతుంది. ప్రొజెక్టర్ తెర వెలుతురు తొట్టె మీద పడని వైపు ఉంచండి. తెర మీద అందరూ చూస్తుండగా ఆరుగురు చొప్పున తొట్టె దగ్గరికి రావాలి. జట్టుకు నాలుగు నిమిషాలిస్తే ఏడు జట్లకు 28 నిమిషాలు. బల్లను ఎవరూ ఆనుకోకుండా చుట్టూ సుద్దతో గీత గీయండి, చిన్న కుదుపుకే పొర చెదురుతుంది. వీడియో దాచుకుంటే తర్వాతి క్లాసులో ఒక్కో గీతను ఆపి కొలిపించొచ్చు.

రెండో సెక్షన్‌కు నడుస్తుంది. మధ్యలో మూత తీసి ఫెల్ట్‌కు 10 మి.లీ. ఐపీఏ పోసి, కింద గుళికలు నింపి, మళ్లీ మూయండి. గీతలు తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది, దాన్ని లెక్కలో పెట్టుకోండి.

అయ్యాక మిగిలిన డ్రై ఐస్‌ను సింకులో పారేయొద్దు, చలికి ప్లాస్టిక్ పైపు పగులుతుంది. పిల్లలు రాని డాబా మీద థర్మోకోల్ పెట్టెలోనే మూత వదులుగా ఉంచితే అదే పోతుంది. పలక ఇంకా మైనస్‌లో ఉంటుంది, ఒట్టి చేత్తో ముట్టుకోకుండా గంట వదిలేయండి. ఫెల్ట్ ఆరుబయట ఆరాక డబ్బాలో దాచండి. పలక మీద మిగిలిన ఆల్కహాల్ తేమ పీల్చి ఉంటుంది, సీసాలో తిరిగి పోయొద్దు. వేరే సీసాలో పోసి లెన్సులు తుడవడానికి వాడుకోండి.